మూడు పంకాల డ్రోను

పిల్లలూ! గాలిలో ఒకేచోట నిలిచి ఎగిరే డ్రోనులను మీరు చూసే ఉంటారు. వాటిలో చాలావాటికి నాలుగు పంకాలు ఉంటాయి. మూడే పంకాలు గలదానిని ట్రైకాప్టర్ అంటారు. విడి భాగాలు తెచ్చుకొని ఇంట్లో కూర్చుకోవడానికి ఇది చక్కని యంత్రం. కాని కంటికి నచ్చిన మొదటి కిట్టునే కొనరాదు. ముందు ఇది ఎలా ఎగురుతుందో తెలుసుకోవాలి.

పంకా ఒకవైపు తిరిగితే, దానిని మోసే చట్రం రెండోవైపు తిరగబోతుంది. డ్రిల్లింగు మిషను పట్టే వడ్రంగిని అడగండి. మిషను తన మణికట్టును ఎలా మెలిపెడుతుందో చెబుతాడు. నాలుగు పంకాల డ్రోనులో రెండు కుడికీ రెండు ఎడమకీ తిరుగుతాయి. మెలికకు మెలిక చెల్లు. మూడు పంకాలకు అలా జతలు కుదరవు, ఒకటి మిగిలిపోతుంది. అందుచేత వెనుక మోటారును కాస్త పక్కకు వంచుతారు. అది గాలిని ఏటవాలుగా తోసి, చట్రం బొంగరంలా తిరగకుండా ఆపుతుంది. యంత్రం ముఖాన్ని కుడికీ ఎడమకూ తిప్పేది కూడా ఈ వంపే. మోటారును వంచే చిన్న పరికరం పేరు సర్వో.

కనుక కిట్టులో మొదట చూడవలసింది తోక. బిగించిన నమూనా దొరికితే వెనుక మోటారును వేళ్లతో పట్టి కదపండి. వదులుగా ఆడిందంటే, ఎగిరేటప్పుడు తోక ఊగుతూనే ఉంటుంది. సర్వోలోని పళ్లచక్రాలు లోహపువైతే మేలు. ప్లాస్టిక్ పళ్లు నేలకు తగిలితే సులభంగా ఊడిపోతాయి. యంత్రాన్ని నడిపే చిన్న బోర్డు ట్రైకాప్టర్‌కూ సర్వోకూ పనికివస్తుందో లేదో అడగండి. కొన్ని బోర్డులు నాలుగు పంకాలకే పనికివస్తాయి.

తరువాత చేతులు, అంటే మోటార్లను మోసే మూడు కడ్డీలు. కొత్తవారి ట్రైకాప్టర్ పడక మానదు. పడ్డాక ఏది విరుగుతుందో ముందే చూసుకోవాలి. స్వీడన్ దేశస్థుడు డేవిడ్ విండెస్టోల్ తన ట్రైకాప్టర్లకు నలుచదరపు కర్రలనే చేతులుగా పెట్టి, మోటార్లను ప్లాస్టిక్ కట్లతో బిగించాడు. పడినప్పుడు ముందు కట్టు తెగుతుంది, మోటారు బతుకుతుంది. కార్బన్ ఫైబర్ చేతులు తేలిక, గట్టివి కూడా. కాని విరిగితే సముద్రం దాటి పార్సెలు రావాలి. మన మారిషస్ వంటి దీవిలో అది చిన్న విషయం కాదు! కర్ర అయితే వడ్రంగి దుకాణంలోనే దొరుకుతుంది. నన్నడిగితే మొదటిదానికి కర్రే మంచిది.

ఇక కొంచెం లెక్క. బ్యాటరీతో సహా యంత్రం బరువు 900 గ్రాములనుకోండి. మోటార్లన్నీ కలిసి దానికి రెట్టింపు, అంటే 1,800 గ్రాములు ఎత్తగలగాలి. ఒక్కొక్క మోటారు వంతు 600 గ్రాములు. అంతకు తగ్గితే గాలివాటుకు నిలవదు. ఆగ్నేయపు గాలి గట్టిగా వీచే చలికాలంలో ఇది బాగా తెలుస్తుంది.

పెట్టెలో ఏమేమి ఉన్నాయో చదవకుండా డబ్బు చెల్లించకండి. కిట్టు అని పేరున్నా కొన్నింటిలో చట్రం మాత్రమే ఉంటుంది. మోటార్లు, బ్యాటరీ, ఛార్జరు, రేడియో వేరే కొనాలి. దాచుకున్న డబ్బంతా చట్రానికే పోతే అది అటక మీదనే ఉండిపోతుంది.

లిథియం పాలిమర్ బ్యాటరీని పెద్దలు దగ్గర లేనిదే ఛార్జి చేయరాదు. ఉబ్బినదానిని వాడనే కూడదు, మంట అంటుకోవచ్చు. మోటార్లను ఇంట్లో పరీక్షించేటప్పుడు పంకాలు తీసివేయాలి. తిరిగే పంకా వేలిని కోస్తుంది. ప్లేజాన్స్ విమానాశ్రయం దరిదాపులకు పోకండి. ఎక్కడ ఎగురవేయవచ్చో పౌర విమానయాన శాఖవారిని పెద్దల ద్వారా అడిగించండి. చెరకు నిలువెత్తు పెరిగినప్పుడు తోట పక్కన ఎగురవేస్తే, పడినది వెతకడానికి పూట పడుతుంది. కూతపెట్టే చిన్న బజరు ఒకటి తగిలించుకోండి.

అభ్యాసము

1. ట్రైకాప్టర్ వెనుక మోటారును ఎందుకు వంచుతారు?
2. యంత్రం బరువు 750 గ్రాములైతే ఒక్కొక్క మోటారు ఎంత ఎత్తగలగాలి?
3. కర్ర చేతులు, కార్బన్ ఫైబర్ చేతులు: మీరు ఏవి ఎంచుకుంటారు? ఎందుకు?