పనికిరానిదేది?

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంట్లో వాడి వదిలేసిన వస్తువులతో పిల్లలచేత పెరటితోటకు అలంకారాలు చేయించడం వినోదం మాత్రమే కాదు. వస్తువు విలువను, దాని వెనుక ఉన్న శ్రమను, దానిని విచక్షణ లేకుండా పారవేస్తే కలిగే హానిని బాల్యంలోనే తెలియజెప్పే విద్య అది. ఈ విషయాన్ని పలమనేరు ప్రాంతపు నేపథ్యంతో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘చెత్త’ అనే పేరుతో ఏ వస్తువూ పుట్టదు. కుండగానో, సీసాగానో, డబ్బాగానో పుట్టిన దానికి మనమే ఒకనాడు ఆ పేరు పెడతాము. కూజా మూతి విరిగినంత మాత్రాన మట్టి గుణం మారదు. మన చూపు మారుతుంది. ఆ చూపును సరిదిద్దుకోవడానికి ఇంటి పెరడు మంచి పాఠశాల. అక్కడ పెద్దలకు పగిలిన కూజా కనిపించిన చోట పిల్లలకు ఒక గుహ కనిపిస్తుంది.

మన పూర్వులకు ఈ విద్య కొత్త కాదు. పాత చీరలు బొంతలయ్యాయి. ఖాళీ నూనెడబ్బా కనకాంబరానికి కుండీ అయింది. మసిపట్టిన కుండకు సున్నపుబొట్లు పెట్టి కర్రమీద బోర్లిస్తే పొలానికి దిష్టిబొమ్మ అయింది. బొమ్మల కొలువు తీర్చే ఇళ్ళలో పిల్లలు పళ్ళెంలో మట్టి పోసి, గింజలు చల్లి, మొలకలతో పొలాన్ని సృష్టించేవారు. పగిలిన అద్దంముక్క ఆ పొలం పక్కన చెరువయ్యేది. ఇవన్నీ పైసా ఖర్చు లేని అలంకారాలు.

ఇదే దృష్టి ఒక సామాన్య ఉద్యోగి చేతిలో మహోద్యానంగా రూపొందింది. చండీగఢ్‌లో రోడ్ల తనిఖీ ఉద్యోగిగా పనిచేసిన నేక్‌చంద్, కొత్త నగర నిర్మాణం కోసం కూల్చిన ఊళ్ళ శిథిలాలను 1957 నుండి సేకరించసాగాడు. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, పాత విద్యుత్ పరికరాలు, సైకిలు భాగాలతో ప్రభుత్వ భూమిలో రహస్యంగా బొమ్మలు నిలిపాడు. ఏళ్ళు గడిచాక అధికారులు దానిని గమనించారు. అనుమతి లేని ఆ నిర్మాణం కూల్చివేతను తప్పించుకొని, 1976లో ‘రాక్ గార్డెన్’ పేరుతో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 1984లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన 2015లో మరణించినా ఆ తోట నేటికీ సందర్శకులను ఆకర్షిస్తూనే ఉంది.

అటువంటి దృష్టికి కావలసిన ముడిసరుకు మన ముంగిట్లోనే ఉన్నది. చిత్తూరు నుండి బెంగళూరు వెళ్ళే దారిలోని పలమనేరు మట్టి పనితనానికి పేరు పొందినది. ఇక్కడి కుమ్మరులు చేసే కుండీలు, బొమ్మలు, దీపపు కుందెలు దూరప్రాంతాల తోటలను కూడా అలంకరిస్తున్నాయి. పచ్చిమట్టిని నీటితో ఎన్నిసార్లయినా పిసికి రూపం మార్చవచ్చు. కాని ఆవంలో ఒకసారి కాలిన మట్టి మళ్ళీ మెత్తబడదు. అందుకే వేల ఏళ్ళ నాటి కుండపెంకులు నేటికీ నేలలో నిలిచి ఉన్నాయి. పురావస్తు శాస్త్రజ్ఞులు వాటిని చదివి చరిత్ర చెబుతున్నారు. అంతటి ఆయుష్షున్న పెంకును మనం ఒక్క క్షణంలో కుప్పమీదికి విసరుతున్నాము.

పిల్లలతో ఆ పెంకులను తోటలోకి మళ్ళించడం సులభం. పక్క పగిలిన పెద్ద సట్టిని ఎంచుకోవాలి. అడుగున రంధ్రం లేకపోతే పెద్దలు జాగ్రత్తగా చేసి, దానిపై ఒక చిన్న పెంకు బోర్లించాలి. అప్పుడు నీరు జారుతుంది, మట్టి జారదు. సట్టిలో ఇసుక కలిపిన మట్టి నింపి, విడిపోయిన పెంకులను ఒకదానిపై ఒకటిగా నిలిపితే కొండకు మెట్లు కట్టినట్లుంటుంది. మెట్ల నడుమ కలబంద పిలకలవంటి, తక్కువ నీటితో బ్రతికే మొక్కలు నాటాలి. అరతెగిన టెంకాయచిప్పకు అంచున మూడు, అడుగున ఒకటి రంధ్రాలు చేసి తాడుతో కడితే వేలాడే కుండీ సిద్ధమవుతుంది. పగలని పాత గాజులను దారానికి గుచ్చి కొమ్మకు కడితే గాలి వీచినప్పుడల్లా గలగలలాడుతాయి. ఖాళీ గాజు సీసాలను తలక్రిందులుగా సగానికి పైగా పాతితే మడికి అంచు ఏర్పడుతుంది. రంగు, అమరిక, పేరు పిల్లల ఇష్టానికే వదలాలి. పెద్దలు చేసిపెట్టిన అందంలో పిల్లల చేయి ఉండదు. చేయి లేనిచోట మమకారమూ ఉండదు.

అయితే కొన్ని నియమాలు తప్పనిసరి. రంధ్రాలు వేయడం, రేకు కత్తిరించడం పెద్దల పని. పగిలిన గాజుముక్కలను పసిపిల్లలకు ఇవ్వరాదు. పురుగుమందుల డబ్బాలను ఎంత కడిగినా తోటకు వాడరాదు. నీరు నిలిచిన చిప్పలు, పాత టైర్లు డెంగీని వ్యాపింపజేసే దోమలకు నిలయాలవుతాయి కనుక వారానికొకసారి తప్పక ఒంపివేయాలి. ప్లాస్టిక్ సీసాలు ఎండకు పెళుసుబారి ముక్కలై మట్టిలో కలుస్తాయి. వాటిని తోటలో ఉంచడం కంటె పునర్వినియోగ కేంద్రానికి పంపడం మేలు. అలంకారం పేరుతో కొత్త రంగులు, కొత్త బొమ్మలు కొని తెస్తే అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది.

ఈ ఎంపిక నేర్వకపోతే నష్టపోయేది మూగజీవాలు. పలమనేరులోని పశుపరిశోధన స్థానం, అతి పొట్టి జాతిగా పేరుగాంచిన పుంగనూరు ఆవును కాపాడుతున్నది. ఒక జాతిని నిలపడానికి అక్కడ అంత శ్రమ జరుగుతుండగా, మన వీధులలో ఆవులు కుప్పతొట్ల దగ్గర ఆహారం వెదుక్కుంటున్నాయి. ఆవు ముందు మింగి, తరువాత నెమరువేస్తుంది. అన్నం మూటగట్టి విసరిన సంచిని అది సంచితోనే మింగుతుంది. ఆ ప్లాస్టిక్ జీర్ణం కాక పొట్టలో పేరుకొని క్రమంగా ప్రాణాపాయానికి దారితీస్తుంది. 120 మైక్రానుల కంటె పలుచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుండి దేశమంతటా నిషిద్ధమైనవి. కాని చట్టం దుకాణం వాకిటి వరకే రాగలదు. ఇంటి లోపల చట్టం కంటె అలవాటే బలమైనది.

పెరటిలో పెంకును, సీసాను, సంచిని వేరువేరుగా పెట్టి ‘ఇందులో పనికిరానిదేది?’ అని పిల్లలను అడగాలి. పెంకు కొండ అవుతుంది, సీసా అంచు అవుతుంది. సంచి దగ్గర పిల్లవాడు ఆగుతాడు. ‘దీనిని తేకుండా ఉంటే సరిపోయేది కదా’ అన్న ఆలోచన అక్కడే మొలకెత్తుతుంది. తోటలో పూచే పూలకన్నా విలువైన ఫలం అదే.

కఠిన పదాలకు అర్థాలు

ఆవం = కుండలు కాల్చే బట్టీ
సట్టి = వంటకు వాడే మట్టిపాత్ర
పెంకు = పగిలిన కుండ ముక్క
శిథిలాలు = కూలిన కట్టడాల భాగాలు
విచక్షణ = మంచిచెడులను వేరుచేసి చూడగల నేర్పు
మమకారం = నాది అనే భావం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత వస్తువులతో తోటను అలంకరించే విధానాన్ని, పాటించవలసిన నియమాలను వివరించండి.
2. ‘ఇంటి లోపల చట్టం కంటె అలవాటే బలమైనది’ – రచయిత అభిప్రాయాన్ని సమర్థిస్తారా? చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నేక్‌చంద్ ఉద్యానం విశిష్టత ఏమిటి?
2. ప్లాస్టిక్ సంచి పశువులకు ఎట్లు హాని చేస్తుంది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కాలిన మట్టికి, పచ్చిమట్టికి భేదమేమి?
2. నీరు నిలిచిన చిప్పలను ఎప్పుడెప్పుడు ఒంపివేయాలి?

ఈ) విడదీసి సంధి పేరు రాయండి: పనికిరానిదేది, మహోద్యానం, ప్రాణాపాయం

ఉ) విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: మట్టిపాత్ర, గాజుముక్క