తేదీని తేదీలాగే రాద్దాం: పీహెచ్‌పీ నేర్పే ఒక మంచి అలవాటు



తొమ్మిదో తరగతి పిల్లలు ఈ నెల కంప్యూటర్ పీరియడ్‌లో పీహెచ్‌పీ నేర్చుకుంటున్నారు. ఇది సర్వర్‌లో పనిచేసే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్. ఆన్‌లైన్ ఫారంలో మనం నింపిన వివరాలను తీసుకుని దాచే పని ఎన్నో వెబ్‌సైట్లలో ఇదే చేస్తుంది. ఇందులో పిల్లలు బాగా తికమకపడే పాఠం డేటా టైప్స్, తేదీలు. మీ పిల్లల పుట్టిన తేదీకీ దీనితో సంబంధం ఉంది కాబట్టి మీరూ చదవండి.

డేటా టైప్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌కి ఇచ్చే ప్రతి వివరానికీ ఒక రకం ఉంటుంది. మార్కులు ఇంటిజర్, అంటే పూర్ణసంఖ్య. పేరు స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. ఫీజు కట్టారా లేదా అన్నది బూలియన్, అంటే అవును లేదా కాదు.

రకం మారితే జవాబు మారుతుంది. పీహెచ్‌పీలో 5, 7 మధ్య ప్లస్ గుర్తు పెడితే 12 వస్తుంది. వాటినే స్ట్రింగ్‌లుగా తీసుకుని మధ్యలో చుక్క పెడితే 57 వస్తుంది. ఫారంలో టైప్ చేసిన 045 అనే రోల్ నంబర్‌ను ఇంటిజర్‌గా మారిస్తే ముందున్న సున్నా పోయి 45 మిగులుతుంది. అందుకే లెక్కలు చేయనక్కర్లేని ఫోన్ నంబర్, బండి ఛాసిస్ నంబర్ లాంటివి స్ట్రింగ్‌గానే ఉంచాలి.

మన విశాఖ తేదీలతో ఒక లెక్క

విశాఖ పోర్టు మొదలైంది 07-10-1933న. స్టీల్ ప్లాంట్‌కు ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసింది 20-01-1971న. ఆ ప్లాంట్‌ను పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 01-08-1992న.

ఈ మూడింటినీ స్ట్రింగ్‌లుగా ఇచ్చి వరుసలో పెట్టమంటే పీహెచ్‌పీ 1992ను ముందు, 1933ను తర్వాత, 1971ను చివర పెడుతుంది. అది ఎడమవైపు నుంచి ఒక్కో అక్షరం పోలుస్తుంది కాబట్టి 01, 07, 20 అనే వరుసే దానికి కనిపిస్తుంది. అవే తేదీలను సంవత్సరం ముందు పెట్టి 1933-10-07, 1971-01-20, 1992-08-01 అని రాస్తే వరుస సరిగ్గా వస్తుంది. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే పద్ధతి కూడా ఇదే.

గీతలోనే ఉంది తేడా

03/04/2012 అంటే మనకు ఏప్రిల్ 3. పీహెచ్‌పీకి ఏ పద్ధతో చెప్పకుండా ఇస్తే ఏటవాలు గీత చూసి అమెరికా పద్ధతి అనుకుంటుంది, మార్చి 4గా చదువుతుంది. 03-04-2012 అని అడ్డగీతతో ఇస్తే ఏప్రిల్ 3గా తీసుకుంటుంది. 25/04/2012 ఇస్తే 25వ నెల లేదు కాబట్టి తప్పు బయటపడుతుంది. తేదీ 12 లోపు ఉన్నప్పుడే ప్రమాదం, ఎందుకంటే ఏ ఎర్రర్ రాదు. తేదీ మాత్రం మారిపోతుంది.

అందుకే పిల్లలకు రెండు నియమాలు చెబుతున్నాం. ఒకటి, తేదీ ఏ పద్ధతిలో ఉందో ప్రోగ్రామ్‌కు ముందే చెప్పాలి. రెండు, చెక్‌డేట్ అనే ఫంక్షన్‌తో అలాంటి తేదీ క్యాలెండర్‌లో ఉందో లేదో చూడాలి. ఫిబ్రవరి 31 ఇస్తే అది 'కాదు' అంటుంది.

ఇంట్లో చేయండి

1. మీ పిల్లల బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు పక్కపక్కన పెట్టి పుట్టిన తేదీ ఒకటేనా చూడండి. తేదీ 12 లోపు ఉంటే నెల, తేదీ తారుమారు కాలేదని మరోసారి చూసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడే తేదీనే పై చదువుల్లో, ఉద్యోగాల్లో అడుగుతారు. నామినల్ రోల్స్ వెళ్లకముందే సరిచేయించుకోవడం తేలిక.

2. ఆటోనగర్‌లో షెడ్డు, లారీ ఉన్నవారు ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలను ఎక్సెల్‌లో రాస్తుంటే ఆ కాలమ్ చూడండి. మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే, నిజమైన తేదీలు గడిలో కుడివైపుకు, టెక్స్ట్‌గా పడినవి ఎడమవైపుకు ఉంటాయి. ఎడమవైపు ఉన్నవి సరైన వరుసలో రావు.

3. కుటుంబంలో అందరి పుట్టిన తేదీలనూ సంవత్సరం ముందు పెట్టి రాయమని పిల్లలకు చెప్పండి. ఎవరు పెద్దో, ఎవరు చిన్నో వాళ్లే వరుసలో పెట్టి చూపిస్తారు.

రికార్డులో ఏదైనా తేడా కనిపిస్తే ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్‌తో క్లాస్ టీచర్‌ను కలవండి.