బండి అక్కడే పెట్టి రా

కొంతం చౌక్,
సోలాపూర్.

చిన్నోడా,

నిన్న మీ అమ్మ ఫోన్ పట్టుకొని కార్ఖానాకే వచ్చింది. సాంచాల చప్పుడుల మాట వినబడదు గదా, వీడియో చూపెట్టింది. పుణెల అర్ధరాత్రి రోడ్డు, పక్కన నీ దోస్తు బండి, నీ మీటరు ముల్లు 110 మీద. "మావోడు గెలిచిండట తమ్ముడూ" అని నవ్వింది పిచ్చిది. నా చేతిల కండె జారి కింద పడ్డది. నీకు బుద్ధి లేదురా? సరే, ముందు తిన్నవా? తిన్నంకనే ఇది చదువు.

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి ఉన్నది. మీ అత్తకు కూడా సగమే తెలుసు. నీ వయసుల నా దోస్తుకు ఆర్‌ఎక్స్ 100 ఉండె, నేను ఇంకొకని బండి అడుక్కునేటోణ్ణి. రాత్రి షిఫ్టు దిగంగనే అక్కల్‌కోట్ రోడ్డు మీద పందెం. ఓడినోడు చాయ్ తాపాలె, గంతే. ఒకనాడు పొద్దుగాల, బీడీలు అప్పజెప్ప పోతున్న ఒకామెకు నా హ్యాండిల్ తగిలింది. నేను ఆగలే. మలుపుల తిరిగి చూసిన. ఒక చెయ్యి ఒడిల పెట్టుకొని, రెండో చేత్తో రోడ్డు మీద చెదిరిన బీడీలు ఏరుకుంటున్నది.

మణికట్టు విరిగింది. మీ అమ్మమ్మ పని నువ్వు చూసినవు: నానిన ఆకు కత్తిరించి, తంబాకు పోసి, వేళ్లతోనే చుట్టి, దారం కట్టి, కొన మడవాలె. ఒక చేత్తో అయ్యే పనా? వెయ్యి బీడీలకింత అని కూలి. చుట్టకుంటే పైసా రాదు. ఆమె బిడ్డ బడి ఇడిచిపెట్టి చాట ముందర కూసున్నది. మూడో నాడు పోయి ఒప్పుకున్న. నాలుగు నెలల కూలి కట్టిన. ఆ పిల్ల మళ్ల బడికి పోలే. దానికేం కట్టాల్నో నాకిప్పటికీ తెల్వదు.

"హెల్మెట్ ఉన్నది మామా" అంటవు. అది నీ తలకాయకు. ఎదురొచ్చేటోనికి? మీ పుణెలనే, 2024 మే 19 నాడు కల్యాణీనగర్‌ల 17 ఏండ్ల పిల్లగాడు పోర్షే కారుతో గుద్దితే బైకు మీదున్న ఇద్దరు ఇంజనీర్లు పోయిండ్రు. వాళ్లేం పందెం కట్టలే. ఆ పిల్లగానికి ముందుగాల బెయిలిచ్చి, 300 మాటల వ్యాసం రాయమన్నరు. ఈ ఉత్తరమే అంతకంటె పొడుగైతున్నది!

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2011ల క్రికెటర్ అజారుద్దీన్ కొడుకు బైకు పడి పోయిండు, యాదికున్నదా? నువ్వప్పుడు పిల్లగానివి. వెనక కూసున్న చుట్టాల పిల్లగాడు కూడా పోయిండు. వెనక కూసున్నోని చేతిల బ్రేకు ఉండదురా. నీ వీడియోల కూడా నీ వెనక ఎవడో కూసున్నడు, వాళ్లమ్మకు తెలుసా?

చట్టం సంగతి కూడా విను. రోడ్డు మీద పందెం పెడితే మొదటిసారికే మూడు నెలల దాక జైలు, లేకుంటే 5,000 దాక జుర్మానా, రెండూ పడొచ్చు. జైలుకు భయపడమంటలేను. ఆ బీడీలామె ఇంటి గడప తొక్కిననాడు నా కాళ్లు వణికినయి చూడు, ఆ వణుకు నీకు రావద్దని రాస్తున్న.

కోపం చేసుకోకు. నిన్ను ఎత్తుకొని తిప్పిన చేతులు గనుక అడుగుతున్నయి. రాఖీ పున్నమకు మార్కండేయ రథం ఎల్తది. చౌక్‌ల ఇసుకేస్తే రాలనంత జనం. ఆమె ఇంకా మన గల్లీలనే ఉంటది, బొటనవేలు ఇప్పటికీ వంగదు, నేను కనబడితే "తిన్నవా నాయినా" అంటది. నీకు చూపిస్త. ఏం మాట్లాడకు, కాళ్లకు మొక్కు.

బండి పుణెలనే పెట్టి బస్సుకు రా. టికెట్ పైసలు మీ అమ్మతోని పంపిన.

నీ మామ