పాత కంప్యూటర్‌ను బాగుచేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: మా డెస్క్‌టాప్ 2018లో కొన్నాం. ఎనిమిదో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ కావడానికే ఐదు నిమిషాలు పడుతోంది. కొత్తది కొనమంటారా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ వాడకం పదేపదే నూరు శాతానికి చేరుతుంటే, ఆలస్యానికి అసలు కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్కే. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీకి పెంచండి. తేడా మొదటి రోజే తెలుస్తుంది.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ప్రాసెసర్‌కు విండోస్ 11 సరిపోతుంది. అందుకోసం బయోస్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయాన్ని ఆన్ చేయించండి. మదర్‌బోర్డే పాడైతే మాత్రం కొత్తది కొనడమే మేలు. ఏం చేసినా, ముందుగా ఫొటోలు, ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.