గర్భిణికి తలనొప్పి తగ్గకపోతే... గుర్రపు వాతానికి ముందు కనిపించే హెచ్చరికలు

నెలలు నిండుతున్న కొద్దీ గర్భిణుల పాదాలు వాచడం మామూలే. రాత్రి పడుకుని లేచేసరికి వాపు తగ్గిపోతే సాధారణంగా భయపడాల్సిన పని లేదు. కానీ ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బితే మాత్రం వెంటనే రక్తపోటు చూపించుకోవాలి. అది ప్రీఎక్లాంప్సియా కావచ్చు.

సాధారణంగా గర్భం 20 వారాలు దాటాక రక్తపోటు 140/90 లేదా అంతకు మించి పెరగడం, దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదా కాలేయం, మూత్రపిండాలు వంటి అవయవాలు దెబ్బతినడం దీని లక్షణం. ఇది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా అంటారు. వాడుకలో గుర్రపు వాతం అంటే ఇదే.

ఎందుకు వస్తుంది?

చాలా కేసుల్లో మూలం మాయలోనే ఉంటుంది. గర్భం తొలి నెలల్లో మాయకు రక్తం అందించే ధమనులు బాగా వెడల్పు కావాలి. అవి ఇరుకుగా ఉండిపోతే మాయకు రక్తం సరిగా అందదు. అప్పుడు మాయ విడుదల చేసే పదార్థాలు తల్లి శరీరమంతటా రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఒకేసారి కళ్లు, కాలేయం, మెదడు దెబ్బతినడానికి కారణం ఇదే.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

• తగ్గని తీవ్రమైన తలనొప్పి
• చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు
• కుడివైపు డొక్క కింద నొప్పి, వాంతులు
• ఆయాసం, మూత్రం తగ్గడం
• బిడ్డ కదలికలు తగ్గడం
• ఫిట్స్

డొక్క నొప్పిని గ్యాస్ అనుకుని ఇంట్లోనే మందులు వేసుకోవద్దు. రక్తపోటు 160/110కి చేరితే అత్యవసర పరిస్థితే. ఫిట్స్ వస్తే ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, వెంటనే 108కు ఫోన్ చేయాలి.

మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్‌తో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని, పది వేల మందికి పైగా మహిళలతో జరిగిన మ్యాగ్‌పై అధ్యయనం 2002లో తేల్చింది. అయితే అసలైన చికిత్స కాన్పే. అది ఎప్పుడన్నది వైద్యులు నిర్ణయిస్తారు. కాన్పు తర్వాత కూడా ఆరు వారాల వరకు ఈ ముప్పు ఉంటుంది కాబట్టి, బాలింతకు తలనొప్పి వచ్చినా నిద్ర చాలకే అని సరిపెట్టుకోవద్దు.

తొలి దశలో చాలామందికి ఏ బాధా తెలియదు. అందుకే ప్రతి పరీక్షలోనూ రక్తపోటు, మూత్రం చూపించుకోవాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు.