యంత్రశాలకు ఒకే భాష

మన ఫాక్‌లాండ్ రోడ్డు, కామాటిపురముల చాళ్లలోని తెలుగు కుటుంబములకు మిల్లు అను మాట క్రొత్తది కాదు. బొంబాయిలో మొదటి నూలుమిల్లును కావస్‌జీ నానాభాయి దావర్ 1854లో స్థాపించెను. మనకు సమీపముననే గల తాడ్‌దేవ్‌లో అది 1856లో పని ప్రారంభించెను. తరువాతి కాలమున తెలంగాణమునుండి వచ్చిన నేతగాండ్రు అనేకులు ఈ నగరపు మిల్లులలో సాంచాలపై పనిచేసిరి. సాంచాను నడుపువాడు దాని ప్రక్కనే నిలిచి, పోగు తెగుటను కంటితోను, చప్పుడులోని తేడాను చెవితోను గ్రహించి, చేతితో దానిని ఆపుచుండెను.

నేటి కర్మాగారములలో పెక్కు యంత్రములకు చేతిపిడికి బదులు చిన్న తెర యుండును. ఆ తెరలనన్నిటిని కర్మాగారమంతటికి చెందిన ఒకే నియంత్రణ వ్యవస్థలోనికి మార్చుట పలుచోట్ల జరుగుచున్నది. ఇది విద్యుత్పరికరముల పని మాత్రమే కాదు, భాషకు సంబంధించిన పని కూడ అని మేము తలంచుచున్నాము. ఏలయన చూడుడు.

యంత్రము వద్ద పి.ఎల్.సి. అను చిన్న కంప్యూటరు ఉండును. వేడిమిని, ఒత్తిడిని, వేగమును కొలుచు సాధనములు దానికి వార్తలు పంపును. అది మోటారును నడుపును, కవాటమును మూయును. ఈ సంగతులను మనిషికి చూపి, అతని ఆజ్ఞను గ్రహించు తెరను హెచ్.ఎం.ఐ. అందురు. విడివిడి నియంత్రణలను ఒక గదిలోని తెరలకు కలుపు పద్ధతిని హనీవెల్, యోకోగావా సంస్థలు 1975లో విపణికి తెచ్చినవి.

మార్పులో మొదటి చిక్కు పేర్లది. ప్రతి చాలులోను 5వ నంబరు గది యుండును. చాలు పేరు, అంతస్తు వ్రాయనిచో ఉత్తరము ఎవరికి చేరును? అట్లే ప్రతి యంత్రము తెరపైనను “మోటారు 1” ఉండును. విడిగా నున్నంతకాలము ఇబ్బంది లేదు. పదునెనిమిది యంత్రములు ఒకే తెరకు వచ్చినచో పదునెనిమిది “మోటారు 1”లు కలిసిపోవును. కావున విభాగము, యంత్రము, భాగము తెలియునట్లు ప్రతిదానికి వేరొకదానికి లేని పేరు పెట్టవలెను.

రెండవ చిక్కు రంగులది. ఒక యంత్రమును చేసినవారు నడుచుచున్న మోటారునకు ఆకుపచ్చ రంగు వేయుదురు. వేరొకరు విద్యుత్తు ప్రవహించుచున్నదని తెలుపుటకు ఎరుపు వేయుదురు. రెండును ప్రక్కప్రక్కన నిలిచినచో చూచువాడు భ్రమపడును. అందుచేత తెరను సాదా బూడిదరంగున ఉంచి, మెరయు రంగులను చెడుగును తెలుపుటకే వాడుట మేలని నేటి నిపుణులు చెప్పుచున్నారు.

మూడవ చిక్కు హెచ్చరికలది. బ్రిటనులోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురుశుద్ధి కర్మాగారమున 1994 జూలై 24న ప్రేలుడు సంభవించెను. దానికి ముందటి 11 నిమిషములలో ఇద్దరు ఆపరేటర్ల యెదుట 275 హెచ్చరికలు మ్రోగినవి. ఒక కవాటము మూసియుండగా తెర తెరచియున్నట్లు చూపినది. 26 మంది స్వల్పముగా గాయపడిరి. వంద గొంతులు ఒక్కసారి అరచిన యెడల ఏ గొంతును వినబడదు. కావున పాత హెచ్చరికలనన్నిటిని అట్లే క్రొత్త తెరకు ఎక్కింపక, “ఇది మ్రోగినపుడు ఆపరేటరు ఏమి చేయవలెను?” అని ఒక్కొక్కదానికి ప్రశ్నింపవలెను. జవాబు లేనిది హెచ్చరిక కాదు.

పని క్రమమిది. మొదట యంత్రముల జాబితా వ్రాయవలెను. తరువాత వానిని నడుపువారిని అడిగి, వారు గమనించు గుర్తులను తెలిసికొనవలెను. పాత తెరను తొలగింపక క్రొత్తదానిని ప్రక్కన నడిపి, రెండింటి అంకెలు సరిపోల్చవలెను. ఒక్కొక్క యంత్రమునే మార్చవలెను. అత్యవసరముగా ఆపు ఎర్రని బొత్తాము మాత్రము యంత్రము చెంతనే ఉండి తీరవలెను. తెర చెడినను అది పనిచేయవలెను.

ఇట్టి మార్పులయందు కార్మికుని భయము నిరాధారము కాదు. ఒక్కొక్కరికి ఎక్కువ సాంచాలు అప్పగించు పద్ధతిని ఎదిరించుచు 1928లో బొంబాయి మిల్లు కార్మికులు దాదాపు ఆరు నెలలు సమ్మె చేసిరి. ఒక గదిలో కూర్చుండి పది యంత్రములను చూడగలిగినపుడు తొమ్మండుగురి పని ఏమగునను ప్రశ్న నేటికిని నిలిచియున్నది. ఆ తొమ్మండుగురు ఎరిగిన విద్యను వ్రాసికొనకయే వారిని పంపివేసిన కర్మాగారము తానును నష్టపోవును. యంత్రము చప్పుడులోని తేడా ఏ తెరపైనను తనంతట కనబడదు. ఎవరో ఒకరు చెప్పి చేర్పింపవలెను.

కావున తల్లిదండ్రులకు మా మనవి. 10వ తరగతి ముగించిన పిల్లలకు ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ శిక్షణలు కలవు. బాలికలను గూడ పంపుడు. మీరు చేతితో నేర్చినది వారు తెరపై వ్రాయగలరు. విద్యార్థులారా, తెలుగులో ఒక సంగతిని స్పష్టముగా చెప్పనేర్చినవానికి మరాఠీలోను, ఇంగ్లీషులోను దానిని చెప్పుట సులభమగును.

అభ్యాసము

1. మీ యింటనో, చాలులోనో యంత్రముపై పనిచేసిన పెద్దలను అడిగి, యంత్రము చెడబోవుచున్నదని వారు గుర్తించు మూడు సూచనలను తెలుగులో వ్రాయుడు.

2. ఆ మూడింటిలో హెచ్చరిక కాదగినది ఏది? అది మ్రోగినపుడు ఏమి చేయవలెను?

3. మీ చాలులోని నీటి పంపులకును, దీపములకును ఒకదానికొకటి కలియని పేర్లు పెట్టుడు.