మానిటాల్ సీసా పట్టుకునే ముందు

చి. స్రవంతికి,

న్యూరో ఐసీయూలో డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అక్కడ తరచూ నీ చేతికొచ్చే మందు మానిటాల్. దాని గురించి నాలుగు మాటలు చెబుతాను, మనసులో పెట్టుకో.

ముందు సీసా మీది శాతం చూడు. 20 శాతం అంటే 100 మి.లీ.లో 20 గ్రాముల మందు. 10 శాతమైతే అదే 100 మి.లీ.లో 10 గ్రాములే. మెదడు వాపుకు మామూలుగా కిలో బరువుకు 0.25 నుంచి 1 గ్రాము దాకా ఇస్తారు. 60 కిలోల మనిషికి కిలోకు అర గ్రాము చొప్పున 30 గ్రాములు కావాలి. 20 శాతంలో అది 150 మి.లీ., 10 శాతంలో 300 మి.లీ. కేస్ షీట్‌లో ఊరికే ‘100 ఎం.ఎల్.’ అని ఉంటే, ఎంత శాతమో డాక్టరుగారిని అడిగి రాయించుకో. అడిగితే ఏమనుకుంటారోనని వెనకాడకు.

గ్రాముల లెక్క సరిపోయినంత మాత్రాన అన్ని సీసాలూ ఒకటే పని చేయవు. మన రక్తం ఆస్మోలారిటీ, అంటే అందులో కరిగిన కణాల గాఢత, లీటరుకు సుమారు 290 మిల్లీఆస్మోల్స్. 5 శాతం మానిటాల్‌ది 274, రక్తానికి దగ్గరే. అందుకే మెదడులోంచి నీటిని లాగే బలం దానికి లేదు. 20 శాతానిది దాదాపు 1,100. వాపుకు దాన్నే ఎంచుకునేది అందుకే. అయితే లాగిన నీరు ముందు రక్తంలోకే వస్తుంది, ఆ తర్వాతే మూత్రంలో పోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఈలోపే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మూత్రం బొత్తిగా రాని రోగికి ఇది ఇవ్వకూడదు.

గాఢత పెరిగేకొద్దీ జాగ్రత్తా పెరగాలి. ఏసీ గది చల్లదనానికి 20 శాతం సీసాలో పలుకులు కడతాయి. వెలుతురుకెత్తి చూడు. కనిపిస్తే వేడినీళ్లలో ఉంచి కరిగించి, ఒంటి వేడికి చల్లారాకే ఎక్కించు. కరగకపోతే పారెయ్యి. ఫిల్టరున్న సెట్ వాడు. రక్తం ఎక్కే లైన్‌లో కలపకు. మందు సిర బయటికి కారితే కండ దెబ్బతింటుంది, చెయ్యి చూస్తూ ఉండు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ రిపోర్టులు చూసుకో. సీరం ఆస్మోలాలిటీ 320 దాటితే తర్వాతి డోసుకు ముందే డాక్టరుగారికి చెప్పు.

షిఫ్ట్ అప్పజెప్పేటప్పుడు ‘మానిటాల్ ఒక సీసా అయింది’ అనకు. ఎంత శాతం, ఎన్ని గ్రాములు, ఎప్పుడు మొదలుపెట్టావు, మూత్రం ఎంత వచ్చింది, ఇవన్నీ రాసి చెప్పు. నీ తర్వాత వచ్చే సిస్టర్ ఆ నాలుగు అంకెలను నమ్మే తర్వాతి డోసు ఇస్తుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ